మోకాలికీ ముక్కుకీ ముడి

మా పెద్దమ్మకు కుడి మోకీలు మార్చాలని ఖాయమైంది. తెనాలి నుంచి విజయవాడ తీసుకెళ్లాను. రక్తపరీక్షలు, ఈసీజీ, ఎక్స్‌రే, గుండె డాక్టరు సంతకం అన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఇక ఇంటికి బయల్దేరదామని లేస్తుంటే ఒక నర్సు సన్నటి గొట్టంలో దూదిపుల్ల పట్టుకుని వచ్చింది. "అమ్మగారూ, తల కాస్త పైకెత్తండి, ముక్కులో శాంపిల్ తీసుకోవాలి" అంది. పెద్దమ్మ చప్పున కొంగుతో ముక్కు మూసుకుంది. "కరోనా మళ్లీ వచ్చిందామ్మా?" అని ఆ పిల్లను అడిగి, నావైపు తిరిగి, "ఏరా, ఆపరేషను మోకాలికైతే ముక్కులో పుల్లేంట్రా? బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టినట్టు!" అంది.

నర్సుకు నవ్వొచ్చింది గానీ జవాబు రాలేదు. "సారు రాశారమ్మా" అని ఊరుకుంది. నేను కొన్నేళ్లు మైక్రోబయాలజీ ల్యాబులో పనిచేసినవాణ్ణి కాబట్టి ఆ జవాబు నా మీద పడింది. తెనాలి చేరేదాకా కార్లో చెప్పాను. అప్పుడు చెప్పిందీ, దారిలో తట్టక వదిలేసిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ పుల్ల సంగతి. కరోనా రోజుల్లో ముక్కు వెనక, గొంతు కలిసే చోటు దాకా తోసి కళ్లలో నీళ్లు తెప్పించిన పుల్ల అందరికీ గుర్తే. ఇది అంత లోపలికి పోదు. ముక్కు రంధ్రం మొదట్లో వెంట్రుకలు మొలిచే చోట, ఒకటి రెండు సెంటీమీటర్ల లోపల, గోడకు ఆనించి నాలుగైదు సార్లు తిప్పుతారు. అదే పుల్లతో రెండో రంధ్రంలోనూ తిప్పి గొట్టంలో పెట్టి మూత బిగిస్తారు. తుమ్ము రావచ్చు, నొప్పి ఉండదు. వెతికేది వైరస్ కోసం కాదు. ఆ మాటకొస్తే జబ్బు కోసం కూడా కాదు. అక్కడ కాపురం ఉండే ఒక బ్యాక్టీరియా కోసం.

దాని పేరు స్టాఫిలోకాకస్ ఆరియస్. ఆస్పత్రుల్లో పొట్టిగా స్టాఫ్ అంటారు. 1880 ప్రాంతంలో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే సర్జన్ గడ్డల్లోంచి తీసిన చీమును మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, గుండ్రటి కణాలు గుత్తులు గుత్తులుగా కనిపించాయి. ద్రాక్షగుత్తికి ఉన్న గ్రీకు మాటతో ఆయన వాటికి పేరు పెట్టాడు. ప్లేటు మీద పెంచితే బంగారు ఛాయలో పెరుగుతుంది గనక, 1884లో రోజెన్‌బాక్ అనే జర్మన్ డాక్టరు ఆరియస్ అనే లాటిన్ మాట చేర్చాడు. పేరు కొత్తగా ఉన్నా దీని పనితనం మనకు కొత్త కాదు. సెగ్గడ్డ, కంటికురుపు, గోరుచుట్టు చాలామటుకు దీని చలవే.

పదిమందిని నిలబెట్టి ముక్కుల్లో పుల్ల తిప్పితే ఇంచుమించు ముగ్గురి దగ్గర ఈ స్టాఫ్ దొరుకుతుంది. వాళ్లకు జలుబుండదు, జ్వరముండదు. తమ ముక్కులో అది ఉన్న సంగతే తెలియదు. డాక్టర్లు దీన్ని కాలనైజేషన్ అంటారు, ఇన్ఫెక్షన్ అనరు. ఈ రెండింటికీ తేడా తెలిస్తే ఈ పరీక్షలో సగం అర్థమైనట్టే. అరుగు మీద కూర్చున్నవాడు వేరు, ఇంట్లోకి దూరినవాడు వేరు. తలుపులు వేసున్నంత కాలం అరుగు మీదివాడితో పేచీ లేదు. చర్మమే మనకు తలుపు. ఆపరేషన్ అంటే ఆ తలుపును డాక్టరే తెరవడం.

ముక్కులో ఉన్నది మోకాలి దాకా ఎలా వస్తుంది? చెయ్యి మోసుకొస్తుంది. రోజులో ఎన్నిసార్లు చెయ్యి ముక్కు మీదికి పోతుందో ఎవరూ లెక్కపెట్టుకోరు. అదే చేత్తో మెడ గోక్కుంటాం, మోకాలు రుద్దుకుంటాం. ముక్కులో స్టాఫ్ ఉన్నవాళ్ల చంకల్లో, గజ్జల్లో, చర్మం మీద కూడా అది దొరకడం మామూలే. నెదర్లాండ్స్‌లో 2006లో ఒక బృందం ముక్కులో వేలు పెట్టుకునే అలవాటుకూ స్టాఫ్‌కూ సంబంధం ఉందా అని పనిగట్టుకుని చూసింది. ఉందనే తేలింది. ఈ సంగతి చెబితే పెద్దమ్మ వెనక సీట్లో ఉన్న మనవణ్ణి మోచేత్తో పొడిచింది.

మన ముక్కులోదే మనకు జబ్బు తెస్తుందనడానికి ఇంతకంటే గట్టి రుజువు జర్మనీ నుంచి వచ్చింది. రక్తంలో స్టాఫ్ ఇన్ఫెక్షన్ వచ్చిన 219 మంది దగ్గర రక్తంలో దొరికిన బ్యాక్టీరియానూ ముక్కులో దొరికినదాన్నీ జన్యుపరంగా పోల్చి చూశారు. 180 మందిలో రెండూ ఒకటే. ఇది 2001లో అచ్చయింది. వాళ్లకు జబ్బు పక్క మంచం నుంచి రాలేదు, సొంత ముక్కులోంచే వచ్చింది.

మోకీలు, తుంటి, గుండె కవాటం లాంటి ఆపరేషన్లకు ఈ భయం ఎందుకు ఎక్కువో చెప్పే పాత ప్రయోగం ఒకటుంది. 1950ల్లో లండన్‌లో ఎలెక్, కోనెన్ అనే ఇద్దరు డాక్టర్లు వాలంటీర్ల చర్మంలోకి స్టాఫ్‌ను ఎక్కించి, చీము పట్టడానికి ఎన్ని కణాలు కావాలో లెక్క కట్టారు. (ఈ రోజుల్లో ఏ ఎథిక్స్ కమిటీ దీనికి ఒప్పుకోదు!) ఆరోగ్యంగా ఉన్న చర్మంలో లక్షల్లో కణాలు ఎక్కిస్తే తప్ప చీము పట్టలేదు. అదే చోట ఒక పట్టు కుట్టుదారం ఉంచితే కొన్ని వందలే సరిపోయాయి. ఒక్క దారప్పోగుకే అంత తేడా అయితే, గుప్పెడంత లోహం, ప్లాస్టిక్కు ఉన్న కృత్రిమ కీలు సంగతి వేరే చెప్పాలా? ఆ లోహం మీద స్టాఫ్ జిగురుపొర అల్లుకుని కింద దాక్కుంటుంది. రక్తంలో తిరిగే మందు గానీ మన తెల్లరక్తకణాలు గానీ అక్కడికి సరిగ్గా చేరవు.

మోకీలు మార్పిడి చేయించుకున్న నూటికి ఒకరిద్దరికే ఇన్ఫెక్షన్ వస్తుంది. అంకె చిన్నదే. ఆ ఒకరిద్దరి కథ మాత్రం చిన్నది కాదు. చాలాసార్లు పెట్టిన కీలును మళ్లీ ఊడదీయాలి. ఆ ఖాళీలో యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు ముద్ద పెట్టి కొన్ని వారాలు ఇంజెక్షన్లు ఇచ్చి, చీము పోయిందని నమ్మకం కుదిరాక కొత్త కీలు వేయాలి. అంటే ఒక ఆపరేషన్ అనుకున్నది మూడవుతుంది. అప్పుచేసి మొదటి ఆపరేషన్ చేయించుకున్న ఇంటికి రెండోది, మూడోది ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు.

ఇక మందులకు లొంగని రకం సంగతి. 1928లో ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనిపెట్టింది స్టాఫ్ పెరుగుతున్న ప్లేటు మీదే. బూజు పడిన చోట చుట్టూ స్టాఫ్ చచ్చి కనిపించింది. పెన్సిలిన్ వాడకంలోకి వచ్చిన కొద్ది ఏళ్లకే దాన్ని విరగ్గొట్టే ఎంజైమును స్టాఫ్ తయారుచేసుకుంది. ఆ ఎంజైముకు లొంగని మెథిసిల్లిన్‌ను 1959లో తెచ్చారు. రెండేళ్లు తిరక్కుండా, 1961లో, ఇంగ్లండ్‌లో ప్యాట్రీషియా జెవన్స్ మెథిసిల్లిన్‌కూ లొంగని స్టాఫ్‌ను చూపించింది. ఇది మందును విరగ్గొట్టడం కాదు, ఇంకో ఎత్తు. మందు ఏ ప్రోటీన్‌ను పట్టుకుని పనిచేస్తుందో, దాని బదులు మందుకు పట్టు దొరకని వేరే ప్రోటీన్ పెట్టుకుంది. తాళంచెవి మన దగ్గరే ఉంది, తాళంకప్ప మార్చేసింది. ఈ పనికి అక్కరకొచ్చే జన్యువు పేరు మెక్-ఎ. ఇది ఉన్న స్టాఫే ఎమ్మార్‌ఎస్‌ఏ. మెథిసిల్లిన్ మందు ఇప్పుడు వాడకంలో లేదు, పేరులో మాత్రం మిగిలింది. ఎమ్మార్‌ఎస్‌ఏ అన్నారంటే పెన్సిలిన్ కుటుంబంతో పాటు మామూలుగా వాడే సెఫలోస్పోరిన్లు కూడా పనిచేయవని అర్థం. మన చర్చకు ఇది ముఖ్యం. ఆపరేషన్ మొదలుపెట్టేముందు దాదాపు అందరికీ ఎక్కించే సెఫజోలిన్ ఆ సెఫలోస్పోరిన్లలో ఒకటే.

ల్యాబులో ఈ పుల్లను ఏం చేస్తారో కాస్త దగ్గర్నుంచి చూపిస్తాను. గొట్టంలోంచి తీసి గులాబీరంగు జెల్లీ పోసిన ప్లేటు మీద గీతలు గీస్తాం. ఆ జెల్లీలో ఉప్పు నూటికి ఏడున్నర పాళ్లు ఉంటుంది. ఆవకాయలో ఉప్పు ఎందుకు దండిగా వేస్తామో ఇక్కడా అందుకే. ముక్కులో ఉండే తక్కిన సూక్ష్మజీవులు చాలామటుకు ఆ ఉప్పుకు బతకలేవు. స్టాఫ్ బతుకుతుంది. జెల్లీలో మానిటాల్ అనే చక్కెర కూడా ఉంటుంది. స్టాఫ్ ఆరియస్ దాన్ని తిని ఆమ్లం వదిలితే, మర్నాటి పొద్దున్నకు ప్లేటు గులాబీ నుంచి పసుపుకు తిరుగుతుంది. ఇంక్యుబేటర్ తలుపు తీయగానే వరసలో ఏ ప్లేటు పసుపెక్కిందో దూరం నుంచే తెలిసిపోతుంది. ఆ తర్వాత దానిలోంచి చిటికెడు తీసి ప్లాస్మాలో కలుపుతాం. ప్లాస్మా గడ్డకడితే స్టాఫ్ ఆరియసే అని ఖాయం. చివర్లో మందు బిళ్లల పరీక్ష. బ్యాక్టీరియా పరిచిన ప్లేటు మీద సెఫాక్సిటిన్ బిళ్ల పెట్టి, మర్నాడు దాని చుట్టూ పెరగని వలయాన్ని స్కేలుతో కొలుస్తాం. 22 మిల్లీమీటర్లు, అంతకు పైన ఉంటే మందుకు లొంగే రకం. 21, అంతకు తక్కువైతే ఎమ్మార్‌ఎస్‌ఏ. రిపోర్టులో సెఫాక్సిటిన్ ఎదురుగా ఎస్ (లొంగుతుంది) అనో ఆర్ (లొంగదు) అనో కనిపించే ఒక్క అక్షరం వెనక ఇంత కథ ఉంది. రంగును బట్టే ఎమ్మార్‌ఎస్‌ఏను పట్టిచ్చే ప్లేట్లు కూడా వచ్చాయి. వాటితో ఒక రోజు కలిసొస్తుంది.

ఇలా ప్లేటు మీద పెంచి చూసే కల్చర్‌కు రెండు మూడు రోజులు. అంత వ్యవధి లేకపోతే పీసీఆర్ ఉంది. టీబీ అనుమానమొస్తే తెమడ తీసుకుని సీబీ నాట్ పరీక్ష చేయడం మన జిల్లా ఆస్పత్రులకు వెళ్లినవాళ్లకు తెలుసు. అదే తరహా యంత్రంలో ఎమ్మార్‌ఎస్‌ఏ కార్ట్రిడ్జి పెడితే గంటా గంటన్నరలో జవాబు వస్తుంది. ఖరీదు ఎక్కువ. పైగా అది జన్యుపదార్థాన్ని వెతుకుతుంది కాబట్టి చచ్చిన బ్యాక్టీరియాను కూడా పాజిటివ్ అనొచ్చు. మందు పూసుకున్న మర్నాడే మళ్లీ పీసీఆర్ చేసి ఇంకా పోలేదని బెంబేలెత్తితే అది పరీక్ష తప్పు కాదు, చేయించిన వేళ తప్పు.

నాలుగో రోజు పెద్దమ్మ రిపోర్టు నా ఫోనుకు వచ్చింది. పైన పెద్ద అక్షరాల్లో ఎమ్మార్‌ఎస్‌ఏ నెగెటివ్ అని ఉంది. మా కజిన్ ఆ ఒక్క లైను చదివి ఫ్యామిలీ గ్రూపులో దండాలు పెట్టేశాడు. కిందికి వస్తే ఇంకో లైను: స్టాఫిలోకాకస్ ఆరియస్ పెరిగింది, సెఫాక్సిటిన్ ఎస్. అంటే మొండి రకం కాదు, మామూలు రకం ఉంది.

చాలామంది, కొన్నిచోట్ల ఆస్పత్రివాళ్లు కూడా, ఇక్కడే పొరబడతారు. ఎమ్మార్‌ఎస్‌ఏ పేరుకున్న భయం వల్ల, అది లేదంటే గండం గడిచిందనుకుంటారు. మామూలు స్టాఫ్ కూడా కీలులో చేరితే చేసే చెరుపు తక్కువేమీ కాదు. మందుకు లొంగుతుందన్న ఒక్కటే ఊరట. నెదర్లాండ్స్‌లో చేసిన ప్రసిద్ధ అధ్యయనం, 2010లో అచ్చయింది, ఈ మామూలు రకం మీదే నడిచింది. ఆస్పత్రిలో చేరినవాళ్ల ముక్కులు పీసీఆర్‌తో చూసి, స్టాఫ్ ఉన్నవాళ్లను రెండు జట్లు చేశారు. ఎక్కువమంది ఆపరేషన్‌కు వచ్చినవాళ్లే. ఒక జట్టుకు ముక్కులో మ్యుపిరోసిన్ ఆయింట్‌మెంటు, ఒంటికి క్లోర్‌హెక్సిడిన్ సబ్బు. రెండో జట్టుకు చూడ్డానికి అలాగే ఉండే ఉత్తుత్తివి. మందు వాడిన 504 మందిలో 17 మందికి స్టాఫ్ ఇన్ఫెక్షన్ వచ్చింది. ఉత్తుత్తి మందు వాడిన 413 మందిలో 32 మందికి వచ్చింది. శాతాల్లో 3.4, 7.7. సగానికి పైగా తగ్గింది. వాళ్లలో ఎవరికీ ఎమ్మార్‌ఎస్‌ఏ లేదు.

అంతకు ముందు 2002లో అమెరికాలోని అయోవాలో ఇంకో పెద్ద అధ్యయనం జరిగింది. అక్కడ ముక్కులో ఏముందో చూడకుండానే ఆపరేషన్ చేయించుకునేవాళ్లలో ఒక జట్టుకు మ్యుపిరోసిన్, ఇంకో జట్టుకు ఉత్తుత్తిది పూశారు. మొత్తమ్మీద గాయాల ఇన్ఫెక్షన్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ స్టాఫ్ ఉన్నవాళ్లను విడదీసి చూస్తే వాళ్లలో ఆస్పత్రి స్టాఫ్ ఇన్ఫెక్షన్లు 7.7 శాతం నుంచి 4 శాతానికి పడ్డాయి. స్టాఫ్ లేనివాడి ముక్కులో దాని మందు పూస్తే లాభమేముంటుంది? ముందు పుల్ల, తర్వాత మందు అనే వరసకు బలం అక్కడి నుంచే వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన సూచనల్లో కూడా, ముక్కులో స్టాఫ్ ఉందని తెలిసినవాళ్లకు గుండె, ఎముకల ఆపరేషన్ల ముందు మ్యుపిరోసిన్ వాడాలని గట్టిగానే చెప్పింది. అమెరికాలో 20 ఆస్పత్రులు పరీక్ష, ఆయింట్‌మెంటు, స్నానం, తగిన యాంటీబయాటిక్ ఇవన్నీ ఒక మూటగా అమలు చేసి 2015లో లెక్కలు చూపించాయి. లోతైన స్టాఫ్ ఇన్ఫెక్షన్లు పదివేల ఆపరేషన్లకు 36 ఉండేవి 21కి దిగాయి.

ఇంతవరకు విని, పుల్ల పెట్టి చూస్తే చాలు అనుకునేవాళ్లకు జెనీవా కథ చెప్పాలి. అక్కడి యూనివర్సిటీ ఆస్పత్రిలో 2004 నుంచి 2006 వరకు 21,754 మంది సర్జరీ పేషెంట్ల మీద చూశారు. కొన్ని వార్డుల్లో చేరిన ప్రతివాళ్లకూ వేగంగా తేలే ఎమ్మార్‌ఎస్‌ఏ పరీక్ష, మిగతా వార్డుల్లో మామూలు జాగ్రత్తలే. కొన్నాళ్లకు వార్డులు తారుమారు చేశారు. పరీక్ష చేసినవాళ్లలో నూటికి ఐదుగురికి ఎమ్మార్‌ఎస్‌ఏ దొరికింది. ఇంత శ్రమా పడ్డాక, పరీక్షలు చేసిన వార్డుల్లో ఎమ్మార్‌ఎస్‌ఏ ఇన్ఫెక్షన్లు తగ్గనే లేదు. ఎందుకంటే, ఇన్ఫెక్షన్ వచ్చిన 93 మందిలో 53 మందికి చేరేటప్పుడు అది లేదు. ఆస్పత్రిలో ఉండగా అంటింది. ఇంకొందరికి ఫలితం చేతికొచ్చేసరికి ఆపరేషన్ అయిపోయింది. కత్తి పడ్డాక వచ్చిన పాజిటివ్‌తో చేసేదేముంది?

నా ఉద్దేశంలో ఈ పరీక్ష గురించి తెలుసుకోవలసిన మొదటి సంగతి ఇదే. పుల్ల ఎవరినీ కాపాడదు. పుల్లకూ కత్తికీ మధ్య ఉన్న రోజుల్లో ఏం చేశారన్నదే కాపాడుతుంది. ఇంగ్లండ్ 2009 ఏప్రిల్ నుంచి ముందుగా తేదీ ఇచ్చి చేర్చుకునే పేషెంట్లందరికీ ఎమ్మార్‌ఎస్‌ఏ పరీక్ష తప్పనిసరి చేసింది, 2010 చివరికల్లా అత్యవసరంగా చేరేవాళ్లకూ చేసింది. ఖర్చుకు తగ్గ ఫలం కనిపించక 2014లో వెనక్కి తగ్గి, ముప్పు ఎక్కువున్న పేషెంట్లకూ విభాగాలకూ చేస్తే చాలంది. వెనక్కి తగ్గడం ఓటమి కాదు, లెక్క చూసుకోవడం. మన దగ్గర ఒకసారి మొదలైన పరీక్ష ఇలా తగ్గడం నేను పెద్దగా చూడలేదు.

ఐసీయూల విషయంలో దారి మరోలా పోయింది. అమెరికాలో 43 ఆస్పత్రుల్లో చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. పరీక్ష జోలికి పోకుండా ఐసీయూలో చేరిన అందరికీ ముక్కులో మందు, ఒంటికి క్లోర్‌హెక్సిడిన్ వాడితే, పరీక్షించి విడిగా ఉంచడం కన్నా మేలు జరిగింది. రక్తంలో ఇన్ఫెక్షన్లు 44 శాతం తగ్గాయి. అయితే మ్యుపిరోసిన్‌ను ఇలా అందరికీ పూసుకుంటూ పోతే దానికీ లొంగని స్టాఫ్ తయారవుతుంది. ఇప్పటికే అక్కడక్కడా ఉంది. ఒక మందును కాపాడుకుంటూ వాడాలా, అందరికీ వాడి ఇప్పటి ప్రాణాలు కాపాడాలా అన్న తగువు ఇంకా తెగలేదు.

మన దేశానికొస్తే, పెద్ద ఆస్పత్రుల ల్యాబుల నుంచి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సేకరించే లెక్కల్లో, పేషెంట్ల చీము, రక్తం లాంటి శాంపిళ్లలో దొరికే స్టాఫ్ ఆరియస్‌లో ఇటీవలి ఏళ్లలో పదింటికి నాలుగు దాకా ఎమ్మార్‌ఎస్‌ఏలే. ఇది జబ్బుపడి ఆస్పత్రికొచ్చినవాళ్ల లెక్క. దీన్ని చూసి ఊళ్లో పదిమందిలో నలుగురి ముక్కుల్లో ఎమ్మార్‌ఎస్‌ఏ ఉందనుకోకూడదు. ఇంకో చిక్కు. మన ఆస్పత్రుల్లో ఆపరేషన్ గాయాలను చెరిచేది స్టాఫ్ ఒక్కటే కాదు. క్లెబ్సియెల్లా, ఈకొలై, అసినెటోబ్యాక్టర్, సూడోమోనాస్ వంతు ఇక్కడ చాలా ఎక్కువ, వాటిలో మందులకు లొంగనివీ ఎక్కువే. ముక్కులో పుల్లకు అవి చిక్కవు. అవి పేగుల్లో, నీళ్ల సింకుల్లో, చేతుల మీద తిరుగుతాయి. ముక్కు రిపోర్టు నెగెటివ్ వచ్చిందని థియేటర్లో చేతులు కడుక్కోవడం తగ్గించుకునే ఆస్పత్రి ఉంటే ఆ పరీక్ష మేలు కన్నా కీడే చేసినట్టు. ఆపరేషన్ ముందు రాత్రి బ్లేడుతో శుభ్రంగా గీసి పంపడం కూడా ఇలాంటిదే. బ్లేడు పెట్టిన చోటల్లా కంటికి కనబడని గాట్లు పడి, అవన్నీ స్టాఫ్‌కు తలుపులవుతాయి. అసలు వెంట్రుకలు తీయొద్దనీ, తీయక తప్పకపోతే క్లిప్పర్‌తో కత్తిరించమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే 2016లో చెప్పింది. క్షౌరం మాత్రం చాలాచోట్ల అలాగే నడుస్తోంది.

పెద్దమ్మకు డాక్టరు ఐదు రోజుల కోర్సు రాశారు. రెండు పూటలా ఒక్కో ముక్కు రంధ్రంలో అగ్గిపుల్ల తలంత మ్యుపిరోసిన్ రాసి, రెండు రెక్కలూ దగ్గరికి నొక్కి ఒక నిమిషం మెల్లగా పిసకాలి. రోజూ క్లోర్‌హెక్సిడిన్ ద్రవంతో ఒళ్లు తోముకోవాలి. ఇందులో మెలకువలున్నాయి. మెడికల్ షాపులో మ్యుపిరోసిన్ అనగానే ఇచ్చే ట్యూబు చాలాసార్లు చర్మం మీద పుండ్లకు పూసేది. ముక్కులోకి తయారుచేసినది వేరు, దాని జిడ్డు వేరు. ఏది ఇచ్చారో చీటీ, ట్యూబు రెండూ డాక్టరుకు చూపించి అడగాలి. క్లోర్‌హెక్సిడిన్ కళ్లలో, చెవుల్లో పడకూడదు. లోపలి చెవికి చేరితే వినికిడికే ముప్పు. రాశాక ఒకటి రెండు నిమిషాలు ఆగి కడగాలి. మామూలు సబ్బు కలిస్తే దాని బలం చచ్చిపోతుంది కాబట్టి, స్నానం చివర్లో అలవాటు కొద్దీ ఒకసారి ఒంటిసబ్బు పామితే పడ్డ శ్రమంతా నీళ్లపాలు.

మనవాళ్లకు అసలు పేచీ స్నానం అయ్యాక మొదలవుతుంది. పాదాలకు పసుపు, మోకాళ్లకు నొప్పుల నూనె, మెడకు పౌడరు. పెద్దమ్మ మోకాళ్లు పదేళ్లుగా ఏదో ఒక నూనెలో నానుతూనే ఉన్నాయి. ఆ ఐదు రోజులూ అవన్నీ బందు. తుడుచుకునే తువ్వాలు, కట్టుకునే చీర, దుప్పటి ఏ రోజుకారోజు ఉతికినవి. వీటన్నిటికీ ఒప్పుకుంది గానీ ఒక్కదాని దగ్గర బెట్టు చేసింది. పొద్దున్నే చిటికెడు నశ్యం పీల్చనిదే ఆమెకు తెల్లారదు. మందు రాసిన ముక్కులోకి నశ్యం పట్టిస్తే మందుకు చోటెక్కడిదని నేను, ఐదు రోజులు నశ్యం లేకపోతే మోకాలు కాదు తలే పనిచేయదని ఆమె. చివరికి డాక్టరుతో ఫోనులో చెప్పిస్తే డబ్బా నాకిచ్చింది.

ఒకవేళ రిపోర్టులో ఎమ్మార్‌ఎస్‌ఏ పాజిటివ్ అని వస్తే ఏమవుతుంది? ఆపరేషన్ రద్దు కాదు. ముందుగా తేదీ పెట్టుకున్నదైతే ఇదే ఐదు రోజుల కోర్సుకు వీలుగా జరుపుతారు. ఆగకూడని ఆపరేషనైతే ఆపరు. థియేటర్లో ఇచ్చే యాంటీబయాటిక్ మారుతుంది. సెఫజోలిన్‌ను కోతకు ముందు గంటలోపు ఇస్తే చాలు. ఎమ్మార్‌ఎస్‌ఏ ఉన్నవాళ్లకు ఇచ్చే వాంకోమైసిన్ నెమ్మదిగా ఎక్కాలి, తొందరపెడితే ఒళ్లు ఎర్రబారి బీపీ పడిపోవచ్చు. అందుకే రెండు గంటల ముందు నుంచే మొదలుపెడతారు. మరి అందరికీ వాంకోమైసినే ఇస్తే పోలేదా అంటే, మామూలు స్టాఫ్ మీద అది సెఫజోలిన్ అంత చురుగ్గా పనిచేయదు. అందుకే ముందు రిపోర్టు చూసి, ఆ తర్వాత మందు ఎంచుతారు. వార్డులో గ్లవుజులు, గౌను వేసుకుని వస్తారు, విడిగది ఇవ్వొచ్చు. అది మిమ్మల్ని అంటరానివాళ్లని చేయడానికి కాదు, పక్క మంచంలో కుట్లు పచ్చిగా ఉన్న మనిషి కోసం.

ఇంట్లో మాత్రం ఇవేవీ అక్కర్లేదు. కంచం, గ్లాసు వేరు చేయడం, మనవళ్లను దగ్గరికి రానివ్వకపోవడం అనవసరం. తువ్వాలు, రేజరు ఎవరివి వాళ్లు వాడుకుంటే, చేతులు కడుక్కుంటే సరిపోతుంది. అన్నిటికన్నా నేను భయపడేది వేరే ఉంది. రిపోర్టులో మందుల పట్టిక చూసి, లినెజోలిడ్ ఎదురుగా ఎస్ అని ఉందని షాపుకెళ్లి ఆ మాత్రలు తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. ముక్కులో ఊరికే ఉన్నదానికి మాత్రలు మింగకూడదు. ఇలా దుబారా చేస్తే, రేపు నిజంగా రక్తంలోకి పాకినప్పుడు మిగిలేది ఏమీ ఉండదు.

ఈ పరీక్ష అందరికీ అక్కర్లేదు. కంటి శుక్లం ఆపరేషన్‌కో, చిన్న గడ్డ తీయడానికో దీన్ని రాస్తే ఎందుకని అడగొచ్చు. లోపల లోహమో కవాటమో పెట్టే ఆపరేషనైనా, గుండె ఆపరేషనైనా అడిగి మరీ చేయించుకోవాలి. డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, ఈ మధ్య ఆస్పత్రిలో ఎక్కువ రోజులున్నవాళ్లు, ఇదివరకు ఎమ్మార్‌ఎస్‌ఏ వచ్చినవాళ్లు ఆ సంగతి సర్జన్‌కు ముందే చెప్పాలి. అడగాల్సిన ప్రశ్నలు రెండే: ఎమ్మార్‌ఎస్‌ఏ ఒక్కటే చూస్తున్నారా, మామూలు స్టాఫ్ కూడానా? ఫలితం ఆపరేషన్‌కు ఎన్ని రోజుల ముందు వస్తుంది? అమెరికాలో పిల్లల దగ్గరికెళ్లి అక్కడే మోకీలు మార్పించుకునే అమ్మానాన్నలకు ఈ పుల్ల తరచుగానే ఎదురవుతుంది. కొన్నిచోట్ల మ్యుపిరోసిన్ బదులు ఆపరేషన్ రోజు పొద్దున ముక్కులో పోవిడోన్ అయోడిన్ పూస్తారు. ఐదు రోజుల కోర్సు మధ్యలో మానేసేవాళ్లు ఎక్కువని తెలిసే అలా చేస్తున్నారు.

పెద్దమ్మ మానలేదు. గోడ క్యాలెండర్ మీద పూటకో గీత చొప్పున పది గీతలు గీసింది. పదకొండో పూట థియేటర్‌కు తీసుకెళ్లారు. వారం తిరిగాక కుట్లు చూసిన డాక్టరు బాగున్నాయన్నారు. నేను నశ్యం డబ్బా తిరిగిచ్చాను.

"వచ్చే ఏడాది ఎడం మోకాలు చేయించాలిగా, అప్పుడు ఈ పుల్ల బాధ ఉండదులే" అంది డబ్బా మూత తీస్తూ.

ఉంటుందని చెప్పాను. కోర్సయిన వారానికి చూస్తే పదిమందిలో తొమ్మిదిమంది ముక్కుల్లో స్టాఫ్ కనిపించదు. నెలలు గడిచేకొద్దీ చాలామందికి తిరిగొస్తుంది. ఎవరి చేతినుంచో, తన చర్మం మీదే ఎక్కడో మిగిలినదాన్నుంచో. ఈసారి రిపోర్టు వచ్చేసారికి పనికిరాదు, మళ్లీ పుల్ల, మళ్లీ పది గీతలు.

"అయితే ఆ ఐదు రోజులూ డబ్బా మళ్లీ నీకివ్వాలా?" అంది.